సెవెంత్ గెస్ట్ మళ్ళీ ఆడా, ఆ మైక్రోస్కోప్ మీద కోపం మాత్రం అలాగే ఉంది

స్టౌఫ్ అనేవాడి దెయ్యాల ఇంట్లో గది గదికీ తిరుగుతూ పజిల్స్ విప్పే పాత కంప్యూటర్ గేమ్ ఇది. 1993లో ఇది ఎంత హడావిడి చేసిందో, రెండు సీడీల్లో ఎందుకొచ్చిందో తెలిసినవాళ్ళకి మళ్ళీ చెప్పను. నేను దీన్ని ఇప్పటికి నాలుగుసార్లు పూర్తిచేశా. అందులో మొదటి మూడూ పూర్తిచేసినట్టు చెప్పుకోకూడదు నిజానికి, ఎందుకంటే మూడుసార్లూ ల్యాబ్‌లో ఆ మైక్రోస్కోప్ పజిల్ దగ్గరికి రాగానే చేతులెత్తేసి లైబ్రరీలోని పుస్తకం దగ్గరికి పరిగెత్తా. ఆ పుస్తకం ఒక పజిల్‌కి రెండుసార్లు హింట్ ఇస్తుంది, మూడోసారి అడిగితే తనే పూర్తిచేసేస్తుంది, కానీ దానికి శిక్షగా ఆ పజిల్ తర్వాత రావాల్సిన కథ ముక్క చూపించదు. అంటే ఇన్నేళ్ళుగా నేను ఓ ముక్క లేని కథే చూస్తున్నానన్నమాట.

ఈసారి పుస్తకం ముట్టుకోకూడదని ఒట్టేసుకుని కూర్చున్నా. మిగతా పజిల్స్ అన్నీ మనం మన తెలివితో కుస్తీ పట్టేవే. కేక్ ఉంది కదా, 30 ముక్కల్ని ఆరు భాగాలు చేసి ఒక్కో భాగంలో రెండు పుర్రెలు, రెండు సమాధిరాళ్ళు, ఒక ఖాళీ ముక్క వచ్చేలా కోయాలి, అది ఎంతసేపైనా కదలకుండా అలాగే మనకోసం కూర్చుంటుంది. మైక్రోస్కోప్ అలా కాదు, అవతల స్టౌఫ్, అంటే కంప్యూటరే, ఎదురు ఆడతాడు. ఏడు వరసలు, ఏడు నిలువులు. పక్క గడిలోకి పెడితే మన కణం రెండవుతుంది, రెండు గళ్ళ దూరం దూకిస్తే వెనక గడి ఖాళీ అవుతుంది, దిగినచోట ఆనుకుని ఉన్న వాడి కణాలన్నీ మనవైపు తిరిగిపోతాయి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది కదా. నేను బోర్డు సగం నింపి ఇక అయిపోయింది గెలిచేశా అనుకున్నప్పుడు వాడు ఒక్క దూకు దూకి ఆరేడు కణాలు లాగేసుకుంటాడు, మనం నోరు తెరిచేలోపు ఇంకోటి.

కంప్యూటర్ ఎంత స్పీడ్ అయితే స్టౌఫ్ అంత గట్టిగా ఆడతాడని పాతకాలం నుంచీ అందరూ అంటుంటారు కదా, నేనూ అదే నమ్మి నా ఓటములన్నీ ప్రాసెసర్ ఖాతాలో రాసేసుకున్నా. పాత గేమ్‌లు ఇప్పటి కంప్యూటర్లలో నడిపే స్కమ్‌విఎమ్ అనే ప్రోగ్రామ్‌లో ఆడుతున్నవాణ్ణి, దీని సంగతి తేల్చాలని, పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో మళ్ళీ పెట్టి, కంట్రోల్ ఎఫ్11 నొక్కీ నొక్కీ సైకిల్స్, అంటే దాని వేగం, తగ్గించా. మౌస్ బురదలో నడుస్తున్నట్టు అయింది, సంగీతం ఈడ్చుకుంటూ వస్తోంది, స్టౌఫ్ గారు ఒక్కో ఎత్తుకి తీరిగ్గా ఆలోచించడం మొదలెట్టాడు. తీరా ఆలోచించి వేసింది మాత్రం అదే చావుదెబ్బ. నేను చూసినంతలో వాడు నెమ్మదించాడు తప్ప మొద్దుబారలేదు. ఆ రాత్రి తొమ్మిది ఆటలు ఓడిపోయా, లెక్క రాసి పెట్టుకున్నా.

మర్నాడు తట్టింది ఏంటంటే నేను మొదట్నుంచీ అత్యాశతో ఆడుతున్నా, దొరికినప్పుడల్లా దూకుతున్నా, దూకిన ప్రతిసారీ వెనక వదిలిన ఖాళీలోకి వాడు వచ్చి కూర్చుంటున్నాడు. అందుకని దూకడం దాదాపు మానేసి, మూలని పట్టుకుని పక్కపక్కనే గడ్డకట్టినట్టు పెరుగుతూ పోయా, మూలన ఉన్నదానికి ఆనుకునేవి మూడే గళ్ళు కాబట్టి వాడికి దూరడానికి సందు తక్కువ. నాలుగో ఆటలో 26-23. కుర్చీలోంచి లేచి నిలబడ్డా, సిగ్గులేకుండా. తర్వాత వచ్చిన ఆ సీన్ చూశాక అనిపించింది దీనికోసమా ఇన్నేళ్ళు అని, కానీ అది నేను పైకి చెప్పదలచుకోలేదు.

ఇంతకుముందు ఎవరడిగినా ఇది భయపెట్టే గేమ్ అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. నటుల్ని నీలం తెర ముందు షూట్ చేసి ఇంట్లోకి అతికించారు, అంచుల చుట్టూ వెలుగు గీత మిగిలిపోయింది, అది లోపమే, దెయ్యాలు కాబట్టి నప్పింది అంతే. భయం కన్నా నవ్వొచ్చింది రెండుమూడుచోట్ల. మెట్లెక్కే సీన్ మొదటిసారి అబ్బురం, పదోసారి విసుగు. జార్జ్ సాంగర్ సంగీతం, రా రమ్మని వేలితో పిలిచే, దారి లేకపోతే వద్దని వేలూపే ఆ ఎముకల చేయి, ఈ రెండింటి మీద మాత్రం మాట పడనివ్వను. ఇంటి కింద చిక్కుముడిలాంటి చీకటి దారుల్లో ఒకప్పుడు కాగితం మీద మ్యాప్ గీసుకుని తిరిగా, ఆ మ్యాప్ పైన ఓ పడకగది కార్పెట్ మీదే ఉందని ఈసారి చూసి తల పట్టుకున్నా.

కొత్తవాళ్ళు ఆడొచ్చా అంటే, నాకు గళ్ళ ఆటల పిచ్చి ఉంది, రాత్రిళ్ళు ఖాళీ ఉంటోంది, ఇంగ్లీష్ పదాలతో తంటాలు ఇష్టమే (మామూలు అచ్చులు లేకుండా వాటి బదులు వై ఒక్కటే ఉన్న మాటలతో వాక్యం కట్టమనే డబ్బాల పజిల్ దగ్గర ఎంతమంది వదిలేశారో), అందుకని నాకు కుదిరింది. దెయ్యం కోసమే వచ్చేవాళ్ళు ఒక గంట ఆడి చూసుకోండి. గెలిచిన ఆ సేవ్ మాత్రం నేను మూడుచోట్ల కాపీ చేసి పెట్టుకున్నా.