ది డైరెక్టర్: కొనేముందు, చదివేముందు

డానియల్ కెల్‌మన్ నవల ‘ది డైరెక్టర్’ నిజంగా బతికిన ఆస్ట్రియన్ సినిమా దర్శకుడు పాబ్‌స్ట్ గురించి. కానీ పుస్తకం తెరవగానే అతను కనిపించడు. వృద్ధాశ్రమంలో మతిమరుపుతో ఉన్న అతని పాత అసిస్టెంట్ విల్జెక్ టీవీ ఇంటర్వ్యూకొచ్చి, పాబ్‌స్ట్ ‘మోలాండర్ కేసు’ సినిమా అసలు తీయనే లేదని మొండికేస్తాడు. చాలామంది పుస్తకం మూసేసేది ఇక్కడే. ముడి మొత్తం ఆ బుకాయింపులోనే ఉంది, ఓపిక పట్టండి.

ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది ముందే తెలిస్తే మేలు. 1929లో నటి లూయీజ్ బ్రూక్స్‌తో ‘పండోరాస్ బాక్స్’ తీసిన పాబ్‌స్ట్ హాలీవుడ్‌లో 1934లో ఒక్క సినిమా తీశాడు, అది కలిసిరాలేదు. 1939లో ఆస్ట్రియాలో ఉండగా యుద్ధం మొదలై ఇరుక్కుపోయాడు. నాజీల హయాంలో ‘కొమెడియాంటెన్’ (1941), ‘పారాసెల్సస్’ (1943) పూర్తిచేశాడు. ప్రాగ్‌లో ‘మోలాండర్’ పని సాగుతుండగానే యుద్ధం అయిపోయింది. ఇవన్నీ నిజాలు. విల్జెక్, పాబ్‌స్ట్ కొడుకు యాకోబ్ మాత్రం కల్పిత పాత్రలు. ‘మోలాండర్’ సెట్‌కి నాజీ నిర్బంధ క్యాంపు ఖైదీలను ఎక్స్‌ట్రాలుగా తెచ్చే ఘట్టమూ కల్పితమే. నిజంగా ఆ పని చేసింది నాజీల కాలపు దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్: తన సినిమా ‘టీఫ్‌లాండ్’ కోసం సాల్జ్‌బర్గ్ దగ్గరి క్యాంపు నుంచి రోమా, సింతీ (జిప్సీలని పిలిచే తెగలు) ఖైదీలను తెప్పించింది. ఈ తేడా తెలియకపోతే పాబ్‌స్ట్ మీద లేని నేరం మోపేస్తాం.

నవల బలం చిన్నచిన్న లొంగుబాట్లలో ఉంది. పాబ్‌స్ట్ ఇంటి కాపలాదారు స్థానిక నాజీ పార్టీ నాయకుడై యజమానులనే వణికిస్తాడు. భార్య ట్రూడా పుస్తక చర్చల కూటమిలో ఒక్క మాట తూలినా ప్రమాదమే. మంత్రితో భేటీ అధ్యాయం భయపెడుతూనే నవ్విస్తుంది. పేరు చెప్పరు గానీ ఆ మంత్రి హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ అని ఇట్టే తెలుస్తుంది. ఇలాగే ఇంకో అధ్యాయంలో పేరు లేకుండా వచ్చేది ఇంగ్లీషు హాస్యరచయిత వుడ్‌హౌస్. అది పట్టుకోకపోతే ఆ అధ్యాయంలో సగం చమత్కారం పోతుంది. హాలీవుడ్ భాగం మాత్రం హడావుడిగా ముగిసింది.

కృష్ణా జిల్లావాళ్లకి ఇంకో సంగతి తడుతుంది. అదే 1939లో తెలుగు దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం జమీందారీ వ్యవస్థను ఎండగట్టే ‘రైతుబిడ్డ’ తీసి నిషేధం ఎదుర్కొన్నాడు. విచిత్రం, పెట్టుబడి చల్లపల్లి జమీందారుది. జమీందారు డబ్బుతో జమీందారీ మీదే సినిమా తీసిన మనిషి గుర్తుంటే, పాబ్‌స్ట్ చెప్పుకునే సాకులు మరింత పలచగా కనిపిస్తాయి.

జర్మన్ మూలం 2023లో, రాస్ బెంజమిన్ ఇంగ్లీషు అనువాదం 2025లో వచ్చాయి. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగేటప్పుడు రచయిత పేరు కూడా రాసివ్వండి, ఇదే పేరుతో వేరే పుస్తకాలున్నాయి. మొదలుపెట్టేముందు ‘పారాసెల్సస్’లో సత్రం నాట్యం సీను చూడండి. ఆ కెమెరా పనితనం చూశాకే, అతను ఏం వదులుకోలేకపోయాడో తెలుస్తుంది.