మ్యూజియంలో ఉచిత ఛాంబర్ మ్యూజిక్: ఏళ్ళ తరబడి విన్నాక నా మాట

వాషింగ్టన్ డీసీలో నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్ అని ఒకటుందంటే మనవాళ్ళలో చాలామంది "అదెక్కడ?" అంటారు. స్మిత్‌సోనియన్ మ్యూజియాలు ఎక్కువగా నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి చుట్టాలొస్తే అటే తీసుకెళ్తాం. ఇది న్యూయార్క్ అవెన్యూ మీద విడిగా ఉంటుంది. మెట్రో సెంటర్‌లో దిగితే కాసేపటి నడక. ఇక్కడి షెన్సన్ ఛాంబర్ మ్యూజిక్ కచేరీల గురించి రాస్తున్నాను. వాయించేది మహిళా కళాకారులు. నేను వెళ్ళిన రోజుల్లో టికెట్ ఉండేది కాదు, ముందుగా సీటు రిజర్వ్ చేసుకుంటే సరిపోయేది. బెన్, జెస్ షెన్సన్ అనే ఇద్దరు డాక్టర్ల స్మృతిలో వారి పేరిట ఉన్న ఫౌండేషన్ వీటికి డబ్బిచ్చింది. 2021 ఆగస్టులో మరమ్మతులకోసం మ్యూజియం మూసేదాకా నేను వీటికి ఏళ్ళ తరబడి వెళ్ళాను. ఈ ఊళ్ళో డబ్బిచ్చి విన్న చాలా కచేరీలకన్నా నాకు ఇవే ఎక్కువ నేర్పాయి.

ఛాంబర్ మ్యూజిక్‌లో వాయించేవాళ్ళు ఇద్దరి నుంచి తొమ్మిది మంది దాకా ఉంటారు. కండక్టర్ ఉండడు. ఒక్కో భాగాన్ని ఒక్కరే వాయిస్తారు కాబట్టి దాక్కోవడానికి చోటుండదు. ఎత్తుగడకు ముందు మొదటి వయొలిన్ గట్టిగా ఊపిరి తీసుకుంటే మిగతావాళ్ళు ఆ ఊపిరిని పట్టుకుని మొదలుపెడతారు. పెద్ద ఆడిటోరియంలో బాల్కనీ చివర కూర్చుంటే ఇదేమీ తెలియదు. అయిదో అంతస్తులోని ఆ చిన్న హాల్లో అన్నీ తెలిసేవి. చెల్లో తీగమీద వేలు జారిన చప్పుడు, పేజీ తిప్పడం, ఒకరు కొంచెం ఆలస్యం చేస్తే పక్కనున్నావిడ చూసిన చూపు. కర్ణాటక కచేరీలో గాయకురాలు వేసిన సంగతిని వయొలిన్ వెంటనే అందుకున్నప్పుడు మనం ముందుకు వంగి వింటామే, అలాగే వంగి విన్నాను ఇక్కడ కూడా.

ఉచితం కాబట్టి మంచిదని నేననడం లేదు. ఉచితం కాబట్టి తెలియనిదానికి కూడా వెళ్ళగలిగాను. యాభై డాలర్లు పెట్టేటప్పుడు ఎవరైనా బీతోవెన్ ఉందా, మొజార్ట్ ఉందా అని చూసుకుంటారు. ఎన్నడూ వినని పేరుంటే పక్కన పెడతారు. టికెట్ లేకపోయేసరికి ఆ లెక్క పోయింది. రెబెక్కా క్లార్క్ అనే స్వరకర్త పేరు నాకు పరిచయమైంది అలాగే.

ఆవిడ 1919లో వయోలా (వయొలిన్‌కన్నా కాస్త పెద్దది, కింది స్థాయిలో పలికేది), పియానోలకు రాసిన సొనాటా గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నన్ను పూర్తిగా పట్టేసిన రచన అది. వయోలా గట్టిగా, పిలిచినట్టు మొదలుపెడుతుంది. కాసేపటికి పియానో ఒక కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) పట్టి ఆగుతుంది. దాని మీద వయోలా లెక్కకు కట్టుబడకుండా తిరుగుతుంది. మన చెవికి అది కొత్తగా అనిపించదు, శ్రుతి మీద ఆలాపన వినడం అలవాటైన చెవి కదా. అదే ఏడాది, సంగీతానికి అండగా నిలిచిన ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ అనే ధనవంతురాలు పెట్టిన పోటీకి క్లార్క్ దీన్ని పంపింది. పేర్లు కనిపించకుండా జడ్జీలకిచ్చారు. చివరికి ఇది, ఎర్నెస్ట్ బ్లాక్ అనే స్వరకర్త వయోలా, పియానోలకు రాసిన సూట్ అనే రచన సమానంగా నిలిచాయి. కూలిడ్జ్ తన ఓటుతో బ్లాక్‌కు బహుమతి ఇచ్చింది. పేరు బయటపడ్డాక ఇంత గొప్పది ఒక ఆడమనిషి రాసి ఉంటుందా అని అనుమానపడినవాళ్ళూ ఉన్నారు. అదంతా చదివి వెళ్ళి మళ్ళీ విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ మొదటి పిలుపులో ఉన్న ధీమాకీ ఆ అనుమానానికీ ఎక్కడా పొంతన లేదు.

క్లారా షూమన్ పియానో, వయొలిన్, చెల్లోలకు రాసిన ట్రియో (జి మైనర్, 1846) కూడా నన్ను అలాగే పట్టేసింది. మూడో భాగంలో ముందు పియానో ఒక్కటే పాట ఎత్తుకుంటుంది, తర్వాత వయొలిన్‌కి అందిస్తుంది. ఫానీ హెన్సెల్ రాసిన ట్రియో ఆవిడ పోయాక 1850లో గాని అచ్చుకాలేదు. ఇవన్నీ ఒక్కసారి వింటే అందవు. ఏళ్ళ తరబడి, వేర్వేరు చేతుల్లో వింటేనే ఒకావిడ ఎక్కడ నిదానించింది, ఇంకొకావిడ ఎక్కడ దాటేసింది అన్నది పట్టుబడుతుంది.

ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మను తీసుకెళ్ళాను. ఆవిడ రేడియోలో కర్ణాటక సంగీతం విని పెరిగిన మనిషి. మొదటి భాగం అయిపోగానే చప్పట్లకు చేతులెత్తి, అందరూ కదలకుండా ఉండేసరికి, "ఏమే, బాగా వాయించలేదా వీళ్ళు?" అని చెవిలో అడిగింది. ఒక రచనలో భాగాలన్నీ అయ్యేదాకా చప్పట్లు కొట్టరని చెప్పాను. తొడమీద తాళం వేసుకోవడం మాత్రం ఆవిడ మానలేదు. చప్పుడు రాకుండా వేసింది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. బయటికొచ్చాక "ఆ పెద్ద ఫిడేలు పిల్ల ఎంత లీనమైపోయిందే!" అంది. చెల్లో పేరు తెలియకపోయినా ఆవిడకు అందాల్సింది అందింది.

ప్రోగ్రామ్‌లో రాసినవాళ్ళు కూడా ఎప్పుడూ మహిళలే ఉంటారనుకుని వెళ్ళకండి. కొన్ని సాయంత్రాలు బ్రామ్స్, షూబర్ట్ ఉంటారు. మొదట్లో నాకది వెలితిగా అనిపించేది. ఇప్పుడనిపించదు. బ్రామ్స్‌ని గొప్పగా వాయించే అవకాశం కూడా మహిళలకు తేలిగ్గా దొరికింది కాదు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా మొట్టమొదటిసారి ఒక మహిళను సభ్యురాలిగా తీసుకుంది 1997లో. మన కళ్ళముందు జరిగిన సంగతి అది.

కచేరీకి వెళ్ళేవాళ్ళు ఇంకో రోజు పగటిపూట మ్యూజియం చూడటానికి కూడా వెళ్ళాలని నా కోరిక. మగవాళ్ళ సంఘమైన ఫ్రీమేసన్ల కోసం 1908లో కట్టిన భవనం అది. విల్‌హెల్మినా హాలడే పూనుకోగా 1987లో మ్యూజియంగా తెరిచారు. యూడిత్ లేస్టర్ అనే డచ్ చిత్రకారిణి 1633 ప్రాంతంలో వేసిన 'ది కాన్సర్ట్' అక్కడి సేకరణలోది. మధ్యలో పాడే అమ్మాయి, అటూ ఇటూ వయొలిన్, ల్యూట్ అనే తీగవాద్యం పట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు. మూడు జతల కళ్ళూ మూడు దిక్కుల్లో ఉన్నా చెవులు మాత్రం ఒకరిమీదొకరికి ఉన్నట్టే ఉంటుంది. లేస్టర్ పోయాక చాలాకాలం ఆవిడ బొమ్మల్ని ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడు వేశాడనుకున్నారు. 1893లో గాని ఆవిడ సంతకాన్ని గుర్తుపట్టలేదు. ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడల్లా నాకు క్లార్క్ గుర్తొస్తుంది.

ఇక చిరాకు తెప్పించే విషయం. ఫ్రీ కదా అని సీటు పెట్టుకుని రానివాళ్ళు. రిజర్వేషన్లు అయిపోయాయన్న రోజున కూడా కుర్చీలు ఖాళీగా కనిపించేవి. రాలేకపోతే ఒక్క క్లిక్‌తో క్యాన్సిల్ చేస్తే ఇంకొకరు వింటారు. సీటు దొరకనివాళ్ళు కూడా ఓసారి తలుపు దగ్గరికి వెళ్ళి అడగడం మంచిది. పియానో ఉంటే హాలు ఎడమవైపు కూర్చోండి, చేతులు కనిపిస్తాయి. కార్లో వెళ్తే డౌన్‌టౌన్ పార్కింగ్‌కే బోలెడు అవుతుంది. మెట్రోలో వెళ్తే ఆ టెన్షన్ ఉండదు.

మ్యూజియం మూసి ఉన్న కాలంలో వేరేచోట్లకు వెళ్ళాను. ఒక పాలరాతి ప్రాంగణంలో స్వరం మీద స్వరం పడి అంతా కలగలిసిపోయింది. నలుగురు వాయించే క్వార్టెట్‌కి అది నప్పదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని కూలిడ్జ్ ఆడిటోరియం మాత్రం అద్భుతం. 1925లో దాన్ని కట్టించింది, పైన చెప్పిన పోటీ పెట్టిన కూలిడ్జే. అక్కడా ప్రవేశం ఉచితమే. అయినా అయిదో అంతస్తులో వాద్యానికీ మనకీ మధ్య ఉన్న దగ్గరతనం అక్కడ లేదు.

మ్యూజియం 2023 అక్టోబరులో మళ్ళీ తెరిచారు. వెళ్ళే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో కేలండర్ చూసి సంగీతం ఏ రోజుందో నిర్ధారించుకోండి. క్లార్క్ గాని, క్లారా షూమన్ గాని ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా సీటు పెట్టేసుకోండి. ఇప్పటివాళ్ళ కొత్త రచనలుంటే మెట్రోలో వెళ్తూ ఆ స్వరకర్తది ఇంకేదైనా ఒకటి విని వెళ్ళండి, చెవి కొంచెం సిద్ధంగా ఉంటుంది.