కార్పెట్‌కు షాంపూ మిషనా, వెట్ అండ్ డ్రై వాక్యూమా, బిల్డింగ్ మీద బకెటా: ఏది మేలు?

దసరా దగ్గరికొచ్చిందంటే వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ఇళ్లల్లో బూజు దులుపుడుతో పాటు హాల్లో పరిచిన కార్పెట్ సంగతి కూడా ముందుకొస్తది. ఆన్‌లైన్‌లో ఇంట్లో వాడుకునే షాంపూ మిషన్ల వీడియోలకు కొదవ లేదు. ట్యాంకులోకి నల్లగా నీళ్లు రావడం చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తది. కొనే ముందు ఒక్క విషయం చూసుకోండి. ఈ మిషన్లు తయారైంది గోడ నుంచి గోడ దాకా నేలకు అతికించిన కార్పెట్ల కోసం. వాటిని ఎత్తి ఎండకు వేయలేరు కాబట్టి నీళ్లు కొట్టి, రుద్ది, అక్కడికక్కడే ఆ నీళ్లు లాగేసే మిషన్ అవసరమైంది. మన దగ్గర కింద టైల్సో గ్రానైటో, పాత ఇళ్లల్లో షాబాద్ బండలో ఉంటాయి. వాటి మీద పరిచేది 5 అడుగులకు 7 అడుగుల విడి కార్పెట్, మహా అయితే 6 కు 9. ఇద్దరు పట్టుకుంటే మెట్లెక్కి బిల్డింగ్ మీదికి పోతది.

అందుకే మన ఇళ్లకు "ఏ షాంపూ మంచిది, ఏ బ్రష్షు మంచిది" అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, పోసిన నీళ్లు ఎంత జల్దీ బయటికి వస్తాయన్నది. కార్పెట్ పాడయ్యేది చాలావరకు లోపల మిగిలిన తడితోనే.

ముందు అది ఏ దారమో తేల్చుకోండి

అంచు దగ్గర ఒక పోగు లాగి, పటుకారతో పట్టుకుని, స్టీలు ప్లేటు మీద అగ్గిపుల్ల ముట్టించండి. కరిగి గట్టి పూసలాగా అయితే పాలీప్రొపిలీన్ లాంటి సింథటిక్. మిషన్ మీద నేసినవి, షోరూముల్లో దొరికేవి ఎక్కువ ఇవే. వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అయితే ఉన్ని. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద వస్తే పత్తి. ఇక్కడే ఒక మోసం ఉంది: సిల్కులాగా తళతళ మెరుస్తూ, కాగితం వాసనతో కాలేది విస్కోస్. దానికి మిషన్ వద్దు, బకెట్ వద్దు. తడిస్తే పసుపు పడుతుంది, పోగులు అట్టలాగా బిగుసుకుంటాయి, మళ్లీ మునుపటంత మెత్తగా కావడం కష్టం.

తర్వాత కార్పెట్ తిరగేసి చూడండి. వెనక గుడ్డ అతికించి ఉందంటే లోపల లేటెక్స్ జిగురు ఉన్నట్టే. కార్పెట్ ఎత్తినప్పుడు టైల్స్ మీద తెల్లటి పొడి రాలి కనబడితే ఆ జిగురు చచ్చిపోయింది. అట్లాంటిది ఒక్కసారి నానిందంటే పొరలు పొరలుగా ఊడుతుంది. దాన్ని పొడిగానే వాక్యూమ్ చేసుకుంటూ, ఉన్నన్నాళ్లు వాడుకోవాలి.

ఇక రంగు పరీక్ష. తెల్ల గుడ్డ తడిపి ఒక మూల రెండు నిమిషాలు అదిమి పట్టండి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో కడగొద్దు.

ఏ పద్ధతి పట్టుకున్నా సరే, తడి చేసే ముందు పొడి దుబ్బ తీయాలి. కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడి మట్టే. ముందు బోర్లా వేసి వెనకవైపు వాక్యూమ్ చేయండి, లేదంటే పిట్టగోడ మీద వేసి కట్టెతో కొట్టండి. ఆ తర్వాత ముందువైపు. ఈ పని ఎగ్గొట్టి షాంపూ పోస్తే దుబ్బ కాస్తా బురదై కుదుళ్లలోకి దిగుతది. మిషన్ బాగా పనిచేయట్లేదని చెప్పేవాళ్లలో చాలామంది చేసిన పని ఇదే.

షాంపూ మిషన్: చేయగలిగింది, చేయలేనిది

ఇంటి మిషన్లు రెండు రకాలు. చేత్తో పట్టుకుని మరకలు తీసే చిన్నది ఒకటి, నిలబడి తోసే పెద్దది ఇంకొకటి. రెండింట్లోనూ మంచి నీళ్ల ట్యాంకు, మురికి నీళ్ల ట్యాంకు, పంపు, బ్రష్, నీళ్లు లాగే మూతి ఉంటాయి. పెద్దదాంట్లో బ్రష్ దానంతటదే తిరుగుతది.

మన దగ్గర ఎక్కువ దొరికేది చిన్నది. దాని మూతి వెడల్పు ఇంచుమించు 9 సెంటీమీటర్లు అనుకోండి. 5 అడుగుల వెడల్పు కార్పెట్ మీద 17 పట్టీలు పడతాయి. ఒక్కో పట్టీ మీద తడి ఒకసారి, పొడి రెండుసార్లు అంటే 51 సార్లు ఏడడుగుల పొడవునా మోకాళ్ల మీద లాగాలి. మధ్యలో ట్యాంకు నింపుకోవడం, పారబోయడం వేరే. చాయ్ పడిన చోటు, పిల్లలు కక్కిన చోటు, గుడ్డ సోఫా, కారు సీట్లు, పరుపు: వీటికి దానంత మంచిది లేదు. మొత్తం కార్పెట్‌కు మాత్రం అది నడుం నొప్పే.

పెద్దది తోస్తే వేరే చిక్కులున్నాయి. విడి కార్పెట్ టైల్స్ మీద జారుతది, మిషన్ లాగుడుకు అంచు పైకి లేస్తది, అంచున వేలాడే కుచ్చులు బ్రష్‌కు చుట్టుకుంటయి. ఒక మనిషి కార్పెట్ మీద నిలబడాలి, మిషన్ ఆ మనిషి నుంచి అవతలికి పోవాలి. కుచ్చులకు ఒక జానెడు ముందే ఆపేయాలి. పని అయ్యాక కార్పెట్ ఎత్తి చూస్తే కింద టైల్స్ మీద నీళ్లు నిలిచి ఉంటాయి. వాటిని తుడవకుండా వదిలేస్తే రెండో రోజుకు ముక్కిపోయిన వాసన ఖాయం.

వాడే తీరు ఇది. నీళ్లు గోరువెచ్చగా, చెయ్యి పెట్టగలిగేంత. షాంపూ సీసా మీద రాసిన కొలతకు మించి చుక్క ఎక్కువ వద్దు. ట్రిగ్గర్ నొక్కి నిదానంగా ఒక్కసారి లాగండి. వదిలేసి అదే పట్టీ మీద ఇంకా నిదానంగా, అడుగు దూరానికి రెండు మూడు సెకన్లు పట్టేట్టు లాగండి. మూతికి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి చూడండి: మొదట చిక్కటి చాయ్ రంగు నీళ్లు, తర్వాత పలచన, ఆ తర్వాత బుడగలు మాత్రమే కనబడతాయి. బుడగలు కూడా ఆగేదాకా పొడి లాగుడు ఆపొద్దు. చివర షాంపూ లేని నీళ్లతో ఇంకొక విడత. ఈ విడతను జనం వదిలేస్తారు. దారాల్లో మిగిలిన షాంపూ ఎండి జిగటై కొత్త దుబ్బను పట్టుకుంటది, కొద్ది రోజులకే కార్పెట్ మళ్లీ నల్లబడుతుంది.

ఇందులో సర్ఫ్ పొడి వేయకండి. నురుగు మురికి ట్యాంకులోకి పొంగుతది, లోపలున్న ఫ్లోట్ (తేలే మూత) ట్యాంకు నిండిందనుకుని లేచి లాగుడు ఆపేస్తది. మిషన్ పాడైందని సర్వీసుకు పంపేవాటిలో ఇట్లాంటివీ ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేసి ఫ్లోట్ కడిగితే మళ్లీ నడుస్తది. నీళ్లు రాకపోతే ముందు ట్యాంకు సరిగ్గా కూర్చుందో లేదో, స్ప్రే రంధ్రాలు పూడుకుపోయాయో చూడాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో ఆ రంధ్రాలకు సున్నం పడుతుంది. గీజరు రాడ్‌కు పట్టే తెల్లటి పెచ్చే ఇదీ. మిషన్‌లో భగీరథ పథకం నల్లా నీళ్లు పోయండి. అప్పటికే సున్నం పట్టిన మూతిని తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి అరగంట నానబెడితే వదులుతది.

అమెరికా నుంచి బంధువులు మిషన్ తెస్తామంటే సున్నితంగా వద్దనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి పెడితే మోటారు నిమిషాల్లో కాలుతది. ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అది కూడా మిషన్ వాట్ల కంటే పెద్దది. ఆ ఖర్చుకు, ఆ మోతకు ఇక్కడి మిషనే నయం.

20 లీటర్ల వెట్ అండ్ డ్రై వాక్యూమ్, ఒక బ్రష్

హాల్లో ఒక సింథటిక్ కార్పెట్ ఉన్న మామూలు ఇంటికి మా ఓటు పొడి దుబ్బనూ నీళ్లనూ రెండింటినీ లాగే ఈ వాక్యూమ్‌కే. నీళ్లు లాగే బలం చిన్న షాంపూ మిషన్ కంటే దీనికి ఎక్కువ. పైగా ఏడాది పొడుగునా ఉట్టిగ పడి ఉండదు: వానకు బాల్కనీలో నిలిచిన నీళ్లు, సంపు అడుగున మిగిలిన బురద నీళ్లు, కారు లోపలి దుబ్బ అన్నీ దీంతో లాగొచ్చు.

నీళ్లు కొట్టే పని, రుద్దే పని మాత్రం మనదే. రెండు లీటర్ల చేతి స్ప్రేయర్ కొత్తది తీసుకోండి. చేను దగ్గర పురుగుమందు కొట్టింది ఎన్ని సార్లు కడిగినా దీనికి వాడొద్దు, పిల్లలు పొర్లాడే జాగ ఇది. లీటరు గోరువెచ్చటి నీళ్లకు ఒక టీస్పూన్ రంగులేని లిక్విడ్ డిటర్జెంట్ చాలు. 35 చదరపు అడుగుల కార్పెట్‌కు రెండు, రెండున్నర లీటర్లు పడతాయి. సగం కార్పెట్‌కు కొట్టి పది నిమిషాలు ఆగండి, ఎండిపోనివ్వకండి. మెత్తటి బట్టల బ్రష్‌తో దారం వాలిన వైపే తోయండి, గుండ్రంగా రుద్దితే కుదుళ్లు చిక్కుపడతయి. తర్వాత వాక్యూమ్‌తో లాగండి. మళ్లీ అన్నే మంచి నీళ్లు కొట్టి ఇంకోసారి లాగండి. వెడల్పు రబ్బరు మూతి నేలకే పనికొస్తది, కార్పెట్‌కు సోఫా కోసం ఇచ్చే పొట్టి మూతి తగిలించుకోవాలి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. నీళ్లు లాగే ముందు లోపలి బట్ట ఫిల్టరు, కాగితం సంచి తీసేసి, కంపెనీ తడి పనికి చెప్పిన స్పాంజి ఫిల్టరు పెట్టాలి. రెండోది నురుగు. ఫ్లోట్‌ను లేపేది నీళ్లే, ఈ వాక్యూమ్‌లో నురుగుకు అది ప్రతిసారీ లేవదు. నురుగు ఎక్కువైతే సందులోంచి పోయి మోటారుకు తగులుతది. డబ్బాలో ముందే అర కప్పు వెనిగర్ పోస్తే కొంత తగ్గుద్ది గాని అసలు మందు డిటర్జెంట్ తగ్గించడమే.

షత్రంజికి ఏ మిషనూ వద్దు

కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జంపఖానా అన్నా అదే. పత్తి నేత, రెండు వైపులా వాడుకోవచ్చు, కార్పెట్‌కు పైన మెత్తగా నిలబడే దారాల కుచ్చు దీనికి ఉండదు. షాంపూ మిషన్ పనంతా ఆ కుచ్చు లోపలికి పోయి మురికి లాగడమే కదా, ఇక్కడ దానికి లాగేందుకు ఏం లేదు. తిరిగే బ్రష్ పేక (అడ్డం) దారాన్ని పక్కకు జరిపి నేత చెడగొడుతుంది.

చల్లటి నీళ్లే వాడండి, వేడి నీళ్లకు పత్తి ముడుచుకుంటది. పెద్ద టబ్బులో 30 మిల్లీలీటర్ల లిక్విడ్ డిటర్జెంట్ కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టండి. ముదురు ఎరుపు, నీలం ఉంటే అంత సేపు కూడా వద్దు. బండ మీద పరిచి చారల వెంట బ్రష్ కొట్టి, నురుగు పూర్తిగా పోయేదాకా మూడు నాలుగు నీళ్లు తిప్పండి. పిండొద్దు, చుట్టచుట్టి మోకాలితో అదమండి. ఒక్క తీగ మీద వేస్తే తడి బరువుకు నడిమిట్ల సాగుతది. పిట్టగోడ మీదో, రెండు మూడు కుర్చీల మీదో పరవాలి.

ఉన్ని తివాచీ అయితే ఇవన్నీ మర్చిపోండి. క్షారం ఉన్న సబ్బు, వేడి, గట్టి రుద్దుడు మూడూ ఉన్నికి పడవు. మరక పడితే కుంకుడు రసం పలచగా చేసి గుడ్డతో అద్దడం దాకా ఇంట్లో చేయొచ్చు. లేత రంగు ఉన్నికి అది కూడా గోధుమ రంగు అంటిస్తది. చేత్తో ముడులు వేసిన పాత తివాచీని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

వాటర్ సర్వీసింగ్, ఇంటికొచ్చే క్లీనింగ్ వాళ్లు

బండి కడిగే సెంటరుకు కార్పెట్ మోసుకెళ్లేవాళ్లు తక్కువేం లేరు. వెనక జిగురు లేని సింథటిక్ అయితే, గన్ను అడుగున్నర దూరం పెట్టి వెడల్పు ధారతో కొడితే మురికి బాగానే పోతది. దగ్గర పెట్టి కొడితే కుచ్చు తెగుతుంది. కొట్టిన నీళ్లు లాగే మిషన్ అక్కడ ఉండదు, కాబట్టి ఏప్రిల్, మేలో తప్ప ఇది వద్దు. ఇంటికొచ్చే వాళ్లను పిలిస్తే ఒక్కటే అడగండి: నీళ్లు లాగే మిషన్ తెస్తారా, గుండ్రంగా తిరిగే నేల రుద్దే మిషనేనా? రెండోదయితే వద్దు.

ఆరబెట్టుడు

మే ఎండలో సింథటిక్ కార్పెట్ బిల్డింగ్ మీద మధ్యాహ్నానికల్లా ఆరిపోతది. రంగు వెలవకుండా బోర్లా వేయండి. దసరా ముందు పరిస్థితి అది కాదు, గాలిలోనే తడి ఉంటది. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతది. నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ల మీద పరిచి, కింది నుంచి టేబుల్ ఫ్యాన్, పైనుంచి సీలింగ్ ఫ్యాన్ పెట్టాలి. రెండు మూడు రోజులు వాన ముసురు పట్టేట్టుంటే కడుగుడు వాయిదా వేయడమే మంచిది.

ఆరిన తర్వాత, పోయిందనుకున్న మరక మళ్లీ పైకి తేలిందంటే కొత్తగా ఏదో పడిందని కాదు. అడుగున మిగిలిన మురికి నీళ్లు ఆరుతూ ఆరుతూ కుచ్చు చివరికి ఎక్కాయి. ఆ చోటును కొద్దిగా తడిపి, మడత పెట్టిన తెల్ల గుడ్డ వేసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే ఆ మురికి గుడ్డలోకి ఎక్కుతది. పసుపు మరకకు మాత్రం సబ్బు పెట్టి రుద్దొద్దు, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మామూలు నీళ్లతో అద్ది రెండు మూడు రోజులు ఎండ తగలనిస్తే పసుపు దానంతటదే వెలిసిపోతది.

అయితే షాంపూ మిషన్ ఎవరికి?

మంచం పట్టిన పెద్దవాళ్లు, పాకే పిల్లలు, కుక్కో పిల్లో ఉన్న ఇంటికి చిన్న షాంపూ మిషన్ డబ్బుకు న్యాయం చేస్తుంది. బిల్డింగ్ మీదికి పోనివ్వని అపార్ట్‌మెంట్ వాళ్లకు, ఇంటినిండా గుడ్డ సోఫాలున్నవాళ్లకు కూడా. వాడిన ప్రతిసారి మురికి ట్యాంకు అప్పుడే పారబోయాలి. వంటింటి సింకులో కాదు, పీచు పోయి జాలీకి అడ్డం పడుతుంది. బయట మోరిలోనో, పాత గుడ్డతో వడకట్టి బాత్రూంలోనో పోయండి. గొట్టంలోంచి ఒక లీటరు మంచి నీళ్లు లాగించి, రెండు ట్యాంకుల మూతలు తీసి ఆరబెట్టి దాచిపెట్టండి. మూతేసి మూలకు పెడితే, వచ్చేసారి ఆ వాసన కార్పెట్‌కే ఎక్కుతది.