భుజం కీలు మార్పిడి: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

నొప్పి తగ్గించడంలో ఈ కృత్రిమ కీలుకు పూర్తి మార్కులు వేస్తాను. రాత్రుళ్లు నిద్రలేపే ఆ లోపలి పోటు పోవడం ఒక్కటే చాలు, ఆపరేషన్ దండగ కాలేదనడానికి. కదలిక సంగతి మాత్రం వేరు. ఏ రకం కీలు వేశారు, చుట్టూ కండరాలు ఎలా ఉన్నాయి, మొదటి ఆరు వారాలు ఎంత ఒద్దికగా ఉన్నారు అన్నదాన్ని బట్టి ఆ మార్కులు మారతాయి.

రకాలు రెండు. అనటామిక్ రకంలో, చేతి ఎముక పైన అరిగిపోయిన గుండును కోసి లోహపు బంతి పెడతారు. రెక్క ఎముక వైపు గిన్నెలో పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ ముక్కను సాధారణంగా ఎముక సిమెంటుతో అతికిస్తారు. కీలును చుట్టి పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాలు గట్టిగా ఉంటేనే ఇది నిలుస్తుంది. అవి చిరిగిపోయి ఉంటే బంతి పైకి జారి, చెయ్యెత్తినప్పుడల్లా గిన్నె అంచు మీద బరువు వేస్తుంది. గిన్నె అటూ ఇటూ ఊగి చివరికి ఊడుతుంది. అలాంటివాళ్లకే రివర్స్ రకం. బంతి రెక్క ఎముకకి, గిన్నె చేతి ఎముకకి వెళ్తాయి. చెయ్యెత్తే పని భుజం పైన కప్పి ఉండే డెల్టాయిడ్ కండరం చూసుకుంటుంది. ఇప్పటి రివర్స్ కీళ్లకు మూలం ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోంట్ 1985లో చేసిన నమూనా. మీకు ఏది వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో ముందే అడగండి. ఆ తర్వాతి జాగ్రత్తలన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి.

చాలామంది లోహం విరుగుతుందేమోనని భయపడతారు. అనటామిక్‌లో మొదట్లో భయపడాల్సింది కండరం గురించి. కీలు దగ్గరకు చేరడానికి సర్జన్ ముందువైపున్న సబ్‌స్కాపులారిస్ కండరాన్ని ఎముక నుంచి విడదీసి, చివర్లో తిరిగి కుడతారు. ఆ కుట్టు అతుక్కోవడానికి దాదాపు ఆరు వారాలు, బలం పట్టడానికి ఇంకా ఎక్కువ కావాలి. అందుకే కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ చేతిని ఆనించి నొక్కకూడదు, బరువైన తలుపు లాగకూడదు, చేతిని బయటికి మరీ తిప్పకూడదు. చిక్కేమిటంటే, మూడో వారానికే నొప్పి బాగా తగ్గుతుంది, జాగ్రత్త కూడా దానితోపాటే తగ్గుతుంది. కుట్టు తెగితే చేతిని పొట్టకేసి నొక్కే బలం పోతుంది, భుజం ముందుకు జారుతున్నట్టు ఉంటుంది. మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

రివర్స్‌కు పెద్ద ప్రమాదం కీలు తప్పడం. చెయ్యి వెనక్కి, ఒంటికి ఆనుకుని, లోపలికి తిరిగి ఉండే భంగిమే దానికి దారి. చొక్కా వెనక దోపుకోవడం, వీపు గోక్కోవడం, మలవిసర్జన తర్వాత కడుక్కోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. కాబట్టి రెండో చేత్తో కడుక్కోవడం ఆపరేషన్‌కు ముందే అలవాటు చేసుకోవాలి. ఈ సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. కోలుకున్నాక కూడా చెయ్యి వీపు మీదికి వెళ్లడం చాలామందిలో అంతంతమాత్రమే. భుజం పైకొసలో కొత్తగా నొప్పి మొదలైతే అక్కడి ఎముకలో సన్న పగులు ఉండొచ్చు, వ్యాయామం ఆపి చూపించుకోవాలి.

పడుకోవడమే అన్నిటికన్నా కష్టం. వెల్లకిలా చదునుగా పడుకుంటే మోచేయి పరుపులోకి దిగి భుజం వెనక్కి లాగుతుంది. వీపు ఎత్తుగా ఆనించుకుని, మోచేయి కింద మడత తువ్వాలో దిండో పెట్టుకోవాలి. గుర్తు ఒకటే: ఎలా ఉన్నా మీ మోచేయి మీ కంటికి కనబడాలి. బట్టలు వేసుకునేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు దూర్చాలి, తీసేటప్పుడు చివర తీయాలి. చంక తుడవాలంటే ముందుకు వంగి చెయ్యి వేలాడనివ్వండి, పైకి ఎత్తొద్దు. చెయ్యి స్లింగ్‌లో (మెడకు తగిలించే పట్టీలో) ఉన్నన్నాళ్లూ వేళ్లు, మణికట్టు ఆడిస్తూ ఉండాలి, డాక్టర్ చెప్పిన మేరకు మోచేయి కూడా. లేకపోతే అరచెయ్యి వాచి, మోచేయి బిగుసుకుంటుంది.

ఆపరేషన్‌కు మెడ దగ్గర ఇచ్చే నర్వ్ బ్లాక్ (నరాన్ని మొద్దుబార్చే మత్తు ఇంజెక్షన్) ప్రభావం సాధారణంగా 12 నుంచి 24 గంటలు ఉంటుంది. అటువైపు కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం, కాస్త ఆయాసం దానివల్లే, మత్తుతోపాటే పోతాయి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. వేళ్లలో తిమ్మిరి విడుతుండగానే డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకోవాలి. నొప్పి ఎక్కాక వేసుకుంటే అది దిగడానికి చాలాసేపు పడుతుంది.

ఇన్ఫెక్షన్ విషయంలో భుజానిది ప్రత్యేక తీరు. చంక చుట్టూ చర్మంలో ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతుంది. జ్వరం, ఎరుపు, చీము లేకుండా నెలల తర్వాత నొప్పి, బిగుతు రూపంలో బయటపడొచ్చు. కల్చర్ (నమూనాలో సూక్ష్మక్రిములను పెంచి చూసే పరీక్ష) కూడా రెండు వారాల దాకా ఉంచి చూడాల్సి వస్తుంది. అందుకే కొందరు సర్జన్లు ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు ఈ బ్యాక్టీరియాను తగ్గించే బెంజాయిల్ పెరాక్సైడ్ మందును చర్మానికి రాయమంటారు. ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే దాచకండి, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

పదేళ్లకు కూడా అత్యధికుల కీళ్లు పనిచేస్తూనే ఉంటాయి. తల మీదికి బరువులెత్తడం, సుత్తి దెబ్బల్లాంటి పనులు మాత్రం ఎప్పటికీ మానుకోవడమే మేలు. బరువు పరిమితి సర్జన్‌ను బట్టి మారుతుంది, మీది అడిగి రాయించుకోండి. అనటామిక్‌లో గిన్నె వదులవడం నొప్పి కన్నా ముందే ఎక్స్‌రేలో కనబడొచ్చు కనుక, భుజం బాగానే ఉన్నా చెప్పిన గడువుకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలి, పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లాలి.