సీప్యాప్ మెషినా, నోటి పరికరమా: ఏది మేలు?

స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు, ఉందని తేలగానే చాలామంది అడిగేది ఇదే: ముఖానికి మాస్క్ తగిలించుకుంటే గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచే సీప్యాప్ మెషిన్ కొనాల్సిందేనా, కింది దవడను కాస్త ముందుకు జరిపి పట్టి ఉంచే నోటి పరికరంతో సరిపెట్టుకోవచ్చా? ఊపిరి ఆగకుండా చూడటం ఒక్కటే చూస్తే సీప్యాప్‌దే పైచేయి, అందులో వాదన లేదు.

కానీ పెట్టుకుంటేనే కదా! ఆస్ట్రేలియాలో 126 మందిని తీసుకుని, రెండూ నెల చొప్పున వాడించి చూశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. గంటకు ఊపిరి ఆగడం, తగ్గడం మెషిన్‌తో సగటున 4.5 సార్లకు దిగితే, నోటి పరికరంతో 11.1 దగ్గరే ఆగింది. వాడకం మాత్రం తిరగబడింది, మెషిన్ రాత్రికి 5.2 గంటలు, పరికరం 6.5 గంటలు (ఇవి పేషెంట్లు తామే చెప్పిన గంటలు). బీపీలో రెండింటికీ తేడా రాలేదు.

చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 30 సార్లు ఊపిరి ఆగే మనిషి ఏడు గంటల నిద్రలో నాలుగు గంటలకే మాస్క్ తీసి పక్కన పెట్టాడంటే, మిగిలిన మూడు గంటల్లోనే 90 సార్లు ఆగుతుంది. అదే మనిషికి పరికరం గంటకు 11కి తగ్గించి, రాత్రంతా నోట్లో ఉంటే మొత్తం 77.

అలాగని మెషిన్‌ని తీసిపారేయకండి. జబ్బు తీవ్రంగా ఉండి ఆక్సిజన్ బాగా పడిపోతుంటే నా ఓటు దానికే, కాకపోతే మొదటి వారాల్లో వెంట ఉండి చూసేవాళ్లు కావాలి. అమెరికాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, మెషిన్ డేటాను రోజూ గమనిస్తూ పేషెంట్లకు ఆటోమేటిక్ మెసేజ్‌లు పంపి, జబ్బు గురించి ఆన్‌లైన్ పాఠాలు కూడా కలిపితే వాడకం రాత్రికి 4.8 గంటలుంది, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 3.8 గంటలే, ఒట్టి ఆన్‌లైన్ పాఠాలతో మాత్రం పెద్దగా మారలేదు. అందుకే మెషిన్ కొనేటప్పుడు ధర కంటే ముందు, మాస్క్ పక్కనుంచి గాలి కారి కళ్లలోకి కొడుతుంటే, పొద్దున నోరు పిడచగట్టుకుపోతుంటే ఎవరికి ఫోన్ చేయాలో, మాస్క్ సైజు మార్చి ఇస్తారో లేదో అడగండి.

జబ్బు తక్కువ, మధ్యస్థం స్థాయిలో ఉండి, పళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు నోటి పరికరం మంచి దారే. పొద్దున దవడ నొప్పి, కొన్నేళ్లకు పళ్ల వరస కాస్త జరగడం ఉంటాయి, డెంటిస్ట్‌కి చూపించుకుంటూ ఉండాలి. ఒక్కటి మాత్రం మరవకండి, గురక ఆగింది కదా అని ఊరుకోకుండా పరికరం పెట్టుకునే మళ్లీ స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ కొలిచే పరీక్ష) చేయించుకోండి, గురక తగ్గినా లోపల ఊపిరి ఇంకా ఆగుతూనే ఉండొచ్చు.