చెరువు లెక్కల యాప్ బాగుంది, డబ్బు మాత్రం యాప్‌లో కట్టకండి

చెరువుల్లో వనామీ రొయ్యలు వేసేవాళ్ళ కోసం మన భీమవరం కుర్రాళ్ళు ఇద్దరు చేసిన లెక్కల యాప్ గురించి రాస్తున్నాను. పేరు రాయడం లేదు, వాళ్ళే వద్దన్నారు, కారణం కింద చెప్తాను. ఆకివీడు, ఉండి వైపు వాటర్ ల్యాబుల్లో అడిగితే ఇదేనని చూపిస్తారు.

ముందు పని సంగతి. సీడ్ వేసిన తేదీ, ఎకరాకి ఎన్ని రొయ్య పిల్లలు వేశామన్నది ఒకసారి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత రోజూ వేసిన మేత, మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్ళలో దించే చెక్ ట్రేలో మిగిలింది, ల్యాబ్ రిపోర్టులో వచ్చిన పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా రాసుకుంటూ పోవచ్చు. వల విసిరి కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో, చూసి ఎక్కించగానే కిలో రొయ్యకి ఎంత మేత పోతోందో అదే లెక్క కడుతుంది. ఇది చిన్న విషయం కాదండి. మన ఖర్చులో పెద్ద వాటా మేతదే, ఆ లెక్క 1.3 కిలోల దగ్గర ఉందా 1.7 దాటిపోయిందా అన్నది పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మేశాక తెలిస్తే చేసేదేముంటుంది! కిందటి పంటలో మా చిన్న చెరువుకి మేత ఎక్కువైపోతోందని దీనివల్లే పసిగట్టి తగ్గించాం. సిగ్నల్ లేకపోయినా గట్టు మీద రాసింది పోదు, నెట్ తగలగానే ఎక్కుతుంది. రేట్ల పేజీ మాత్రం నమ్మకండి, 50 కౌంట్, 100 కౌంట్ ధరలు ఒక్కోసారి పాతవే ఉండిపోతున్నాయి.

ఇక డబ్బు. యాప్‌లో ఏడాది ప్లాన్ నొక్కితే 1,499 అడుగుతుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి అదే ఫోన్ నంబరుతో కడితే 1,299. ప్లాన్ అదే, చెరువుల సంఖ్య అదే, ఏమీ తగ్గదు. మరి ఈ సంగతి యాప్‌లో ఎక్కడా ఎందుకు లేదని ఆ కుర్రాళ్ళని అడిగితే, చెప్పకూడదండి, రూల్ అన్నారు. నిజమే, ప్లే స్టోర్ పాలసీ ప్రకారం డిజిటల్ సేవ అమ్మే యాప్ తన లోపల నుంచి కస్టమర్‌ని వేరే చెల్లింపు దారికి పంపకూడదు. యాప్ బయట ఈమెయిల్‌లోనో వెబ్‌సైట్‌లోనో చెప్పుకోవచ్చు. సబ్‌స్క్రిప్షన్ మీద స్టోర్ కమిషన్ 15 శాతం, అంటే 1,499లో దాదాపు 225 రూపాయలు. అదే యాప్‌లో మేత బస్తాలు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు అమ్మితే స్టోర్‌కి ఈ కమిషన్ ఉండదు, ఎందుకంటే అవి చేతికొచ్చే వస్తువులు. లెక్క కట్టిపెట్టే పనికి మాత్రమే ఈ కోత.

మన ఊళ్ళో మేత షాపు ఆయన కూడా అరువు రేటు వేరు, నగదు రేటు వేరు పెడతాడు, కానీ రెండూ మొహం మీదే చెప్తాడు, ఏది కావాలో మనం తేల్చుకుంటాం. ఇక్కడ సరుకు తయారుచేసినవాడికే తన తక్కువ రేటు తన కొట్లో చెప్పుకునే వీల్లేదు. నాకు కోపం వచ్చేది కమిషన్ కంటే దీని మీదే.

స్టోర్‌కి ఏమీ ఇవ్వక్కర్లేదని నేను అనను. వైరస్ లేకుండా చూడటం, అప్‌డేట్లు పంపడం ఊరికే కావు. కానీ ఈ యాప్‌ని నాకు చూపించింది స్టోర్ కాదు, ల్యాబ్‌లో నీళ్ళు పరీక్ష చేసే అబ్బాయి. డబ్బు కట్టడానికి యూపీఐ ఉంది, దాని మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే చెల్లింపు మీద బ్యాంకులు కోసుకునే చార్జీ, తీసుకోకూడదని 2020 జనవరి నుంచే రూల్. సైట్‌లో చెల్లింపు నడిపిపెట్టే గేట్‌వే కంపెనీ వాళ్ళ చార్జీ కలుపుకున్నా 15 శాతానికి దరిదాపుల్లో ఉండదు.

ఈ గొడవ మీద, వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 25న గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసింది. తన బిల్లింగే వాడాలని డెవలపర్లని బలవంతపెట్టడం ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని చెప్పింది. ఆ తర్వాత గూగుల్ యాప్‌లో తన బిల్లింగ్‌తో పాటు వేరే బిల్లింగ్ కూడా పెట్టుకోనిచ్చింది గానీ తన కమిషన్‌లో తగ్గించింది 4 శాతం పాయింట్లే. 15 కాస్తా 11 అవుతుంది, దాని మీద గేట్‌వే చార్జీ మళ్ళీ యాప్ చేసినవాళ్ళే కట్టుకోవాలి. ఇద్దరు మనుషుల కంపెనీకి అందులో మిగిలేదెంత? 2025 మార్చిలో అప్పీలు విన్న ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ, తప్పు జరిగిందన్న మాటని కొంతవరకు నిలబెడుతూనే జరిమానాని 216.69 కోట్లకి దించింది, ఆపైన కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అమెరికాలో ఎపిక్ అనే గేమ్‌ల కంపెనీ యాపిల్ మీద వేసిన కేసులో 2025 ఏప్రిల్ 30న జడ్జి, బయటి లింకు పెట్టుకునే యాప్‌లకి అడ్డు పడొద్దని యాపిల్‌కి గట్టిగా చెప్పింది. దక్షిణ కొరియా అయితే స్టోర్లు తమ బిల్లింగే వాడాలని బలవంతపెట్టకూడదని 2021లోనే చట్టం చేసేసింది. మనకి కూడా కనీసం ఆ ఒక్క లింకు కావాలి.

పేరు రాయొద్దన్న కారణం భయమే. 2024 మార్చి 1న ఫీజు తగాదాలో భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటి పెద్ద యాప్‌లనే ప్లే స్టోర్ నుంచి తీసేశారు, కేంద్రమంత్రి కల్పించుకున్నాక తిరిగొచ్చాయి. అంత పేరున్నవాళ్ళ కోసం మంత్రి మాట్లాడాడు, పంట మధ్యలో ఈ యాప్ మాయమైతే వీళ్ళ కోసం ఎవరు మాట్లాడతారు? వాళ్ళ భయం నాకు అర్థమైంది.

కాబట్టి కొనేవాళ్ళు ఇలా చేయండి. యాప్‌ని స్టోర్ నుంచే దించుకోండి, వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలు అస్సలు వద్దు, వాటితో బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్నారు. ఉచిత వెర్షన్‌లో ఒక చెరువుకి లెక్క రాసి చూడండి, నచ్చితే బ్రౌజర్‌లో వాళ్ళ సైట్ తెరిచి యూపీఐతో కట్టండి. అంతకుముందే యాప్‌లో కట్టి ఉంటే స్టోర్‌లో ఆటో రెన్యువల్ ఆపేశాకే సైట్‌లో కట్టండి, లేకపోతే రెండు చోట్లా డబ్బు పోతుంది.

నా రేటింగ్ 5కి 4. ఒక పాయింట్ తగ్గించింది లాగిన్ గురించి, ఒక నంబరు ఒక్క ఫోన్‌లోనే పనిచేస్తోంది. రాత్రి చెరువు మీద ఉండే మనిషి మేత ఎక్కించాలంటే నా ఫోన్ ఆయనకి ఇచ్చి రావాల్సి వస్తోంది. రెండో ఫోన్‌కి అవకాశం ఇస్తే ఇంకో వంద ఎక్కువైనా కడతాను, ఆ వంద మొత్తం వాళ్ళకే చేరేలా సైట్‌లోనే.