బేర్ యాక్టులతో తొమ్మిదేళ్లు: ఎంట్రెన్స్ నుంచి కోర్టు హాలు దాకా

లా చదవబోయేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే, ఏ గైడ్ కొనాలి అని. 2016లో లా కాలేజీ ప్రవేశ పరీక్ష లాసెట్ రాసేటప్పుడు నేనూ అందరినీ అదే అడిగాను, చెప్పినవన్నీ కొన్నాను కూడా. వాటిలో ఒక్కటీ ఇప్పుడు నా దగ్గర లేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆ తర్వాత సీనియర్ గారి ఆఫీసులో నాలుగేళ్లకు పైగా జూనియర్‌గా, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటూ, ఇన్నాళ్లూ రోజూ వాడుతూ వచ్చింది బేర్ యాక్టులనే. వ్యాఖ్యానాలు, ప్రశ్నలు, జవాబులు ఏమీ లేకుండా చట్టాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసే పల్చటి పుస్తకాలు. అవి నన్ను ఎక్కడ నిలబెట్టాయో, ఎక్కడ చెయ్యిచ్చాయో రెండూ చెబుతాను.

ఎంట్రెన్స్ సంగతి త్వరగా ముగిస్తాను. లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సగం, అంటే 60, లా మీద మీకున్న ఆప్టిట్యూడ్ చూసేవి. దానికోసం చట్టాలన్నీ ముందేసుకుని కూర్చోవడం దండగ. రాజ్యాంగం ఒక్కటి చాలు, అందులోనూ ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, హక్కుల కోసం సుప్రీంకోర్టు, హైకోర్టులకి వెళ్లే దారి చూపే 32, 226 అధికరణలు బాగా చూసుకుంటే సరిపోతుంది. మిగతాదానికి పాత ప్రశ్నపత్రాలు, రోజూ న్యూస్ పేపరు. అయితే ఆ చదువులోనే నాకు ఒకటి తగిలింది. 21వ అధికరణ ఒక్కటంటే ఒక్క వాక్యం. ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన అంత పెద్ద హక్కు రెండు లైన్లలో ఉంది, దాని అర్థం తేల్చడానికి 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు అంత పెద్ద తీర్పు రాయాల్సి వచ్చింది. చట్టంలో మాట ఎంత బరువైనదో అప్పుడే కొంచెం అర్థమైంది.

అసలు ఉపయోగం లా కాలేజీలో మొదలైంది. మొదటి సంవత్సరం నేనూ అందరిలాగే గైడ్‌లో సారాంశం బట్టీపట్టి రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ ఐపీసీకి, అంటే భారతీయ శిక్షాస్మృతికి, వచ్చేసరికి తిప్పలు మొదలయ్యాయి. నేరపూరిత నరహత్య గురించిన 299కీ హత్య గురించిన 300కీ తేడా గైడ్‌లో ఎన్నిసార్లు చదివినా రెండు రోజులకే కలిసిపోయేది. అప్పుడు ఒక మేడమ్ చెప్పిన పద్ధతి ఇది: సెక్షన్‌ని ముక్కలు చెయ్యండి, ఒక్కో ముక్కకి పెన్సిల్‌తో అంకె వెయ్యండి, ఆ ముక్క లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. దొంగతనం సెక్షన్ మీద మొదలుపెట్టాను. చరాస్తి అయి ఉండాలి, ఒకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల సమ్మతి ఉండకూడదు, దురుద్దేశం ఉండాలి, తీసుకోవడానికి దాన్ని కదిలించి ఉండాలి. ఈ అయిదూ రాసుకున్నాక కింద ఇలస్ట్రేషన్లు చదవండి, అవే మీకు పాఠం చెబుతాయి. ఒకడు జేబులో కుక్కలకి ఇష్టమైన ఎర పెట్టుకుని ఇంకొకరి కుక్కని తన వెంట వచ్చేలా చేశాడు, దాన్ని కాజేసే ఉద్దేశం ఉంటే ఆ కుక్క అతని వెనక నడవడం మొదలుపెట్టిన క్షణానే దొంగతనం పూర్తయినట్టు. చేత్తో ముట్టుకోకపోయినా కదిలించినట్టే లెక్క అని ఆ ఒక్క ఉదాహరణతో జన్మలో మర్చిపోకుండా తెలిసింది. 1860 నాటి చట్టంలో ఉన్న ఆ కుక్క ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 303వ సెక్షన్ కింద కూడా అలాగే ఉంది.

గైడ్లు చేసే పెద్ద నష్టం ఏమిటంటే, సెక్షన్‌ని సులభం చేసే తొందరలో ప్రొవైజోలు, అంటే సెక్షన్ చివర పెట్టే షరతులు, మినహాయింపులు, వదిలేస్తాయి. చాలామంది విద్యార్థులు 'ప్రొవైడెడ్ దట్' అని కనిపించగానే కళ్లు కిందకి దించేస్తారు, నేనూ దించేదాన్ని. ఇప్పుడైతే ముందు అదే చదువుతాను. ఎందుకంటే కోర్టులో వాదన నడిచేది సగం సార్లు దాని మీదే. అలాగే నిర్వచనాల్లో 'మీన్స్' అని ఉందా 'ఇన్‌క్లూడ్స్' అని ఉందా చూడటం, 'షల్'కీ 'మే'కీ తేడా పట్టుకోవడం, 'నాట్‌విత్‌స్టాండింగ్' అని మొదలయ్యే సెక్షన్ మిగతావాటిని పక్కకి నెడుతుందని గుర్తుంచుకోవడం, ఇవన్నీ మూల పాఠం ముందుంటేనే అలవాటవుతాయి. ఇంగ్లిష్ పాతకాలపుది, వాక్యాలు చాంతాడంత ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన నాకు మొదటి మూడు నెలలు ఒక పేజీకి గంట పట్టేది. పైకి చదవడం వల్లే దారిలో పడింది.

ప్రాక్టీసులో నాకు దెబ్బ తగిలిన చోటు చెబుతాను. జూనియర్‌గా చేరిన మొదటి ఏడాది ఒక చెక్ బౌన్స్ కేసు ఫిర్యాదు డ్రాఫ్ట్ చెయ్యమన్నారు. నోటీసు ఇచ్చాక 15 రోజులు అని నా బుర్రలో ఉండిపోయింది, నోటీసు పోస్టులో వేసిన తేదీ నుంచి లెక్కపెట్టి కాగితాలు సిద్ధం చేసేశాను. సీనియర్ గారు చూసి, "సెక్షన్ తీసి పైకి చదువమ్మా" అన్నారు, అంతే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రొవైజోలో ఉన్నది నోటీసు అవతలి వ్యక్తికి అందిన రోజు నుంచి 15 రోజులు. బ్యాంకు నుంచి చెక్కు వెనక్కి వచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు, అందాక 15 రోజుల గడువు, అదీ దాటాక అదే చట్టం 142వ సెక్షన్ ప్రకారం నెల లోపు ఫిర్యాదు. నా లెక్క ప్రకారం వేసి ఉంటే గడువు పూర్తికాకముందే ఫిర్యాదు వేసినట్టయ్యేది, అలాంటి ఫిర్యాదు నిలవదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పేసింది. క్లయింట్ డబ్బు, నమ్మకం రెండూ పోయేవి. ఆ రోజు నుంచి గడువుకి సంబంధించిన ఏ సంగతైనా సరే, ఎంత బాగా గుర్తున్నా పుస్తకం తెరవకుండా తేదీ వెయ్యను.

ఇక బేర్ యాక్టు సరిపోని చోటు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 8 రూల్ 1 తీయండి. సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్, అంటే దావాకి ప్రతివాది రాతపూర్వక జవాబు, వెయ్యాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా, అంతకు మించి కాదు అని కచ్చితంగా ఉంటుంది. పుస్తకం మాత్రమే చదివినవాళ్లు 91వ రోజు వచ్చిన క్లయింటుని వెనక్కి పంపేస్తారు. కానీ 2005లో కైలాష్ వర్సెస్ నన్హ్‌కూ కేసులో సుప్రీంకోర్టు ఆ 90 రోజుల నిబంధన తప్పనిసరి కాదని, తగిన కారణం ఉంటే ఆలస్యంగా వేసినా తీసుకోవచ్చని చెప్పింది. అదే కమర్షియల్ దావా అయితే 120 రోజులు దాటాక ఆ వెసులుబాటు లేదు. ఈ తేడా బేర్ యాక్టు చూసి ఎవరికీ తెలియదు. అందుకే నేను ముఖ్యమైన రూల్స్ పక్కన మార్జిన్‌లో తీర్పు పేరు, సంవత్సరం రాసుకుంటాను. తీర్పులు ఇప్పుడు సుప్రీంకోర్టు వారి ఆన్‌లైన్ తీర్పుల సంకలనం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, నేను చదువుకునే రోజుల్లో ఆ సౌకర్యం లేదు.

రెండో లోపం రాష్ట్ర సవరణలు. స్టాంపు చట్టం బేర్ యాక్టు చూసి డాక్యుమెంటుకి ఎంత స్టాంపు కట్టాలో చెబితే తప్పు చెప్పినట్టే, ఎందుకంటే మన తెలుగు రాష్ట్రాలకి వర్తించేది రాష్ట్రం రేట్లున్న షెడ్యూల్ 1-ఏ, మామూలు ఎడిషన్లలో అది ఉండదు. 35వ సెక్షన్ ప్రకారం సరిపడా స్టాంపు లేని కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు, పెనాల్టీ లోటు మొత్తానికి పది రెట్ల దాకా పోవచ్చు. క్లయింటు తెచ్చిన అగ్రిమెంటు చూడగానే స్టాంపు సంగతి ముందు చూడాలని కాలేజీలో నాకు ఎవరూ చెప్పలేదు.

మూడోది పాత ఎడిషన్. ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకోవడం లాంటివి చెప్పే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది నా దగ్గర ఉండేది. 2019లో రాసుకున్న ఒక సేల్ అగ్రిమెంటు మీద నోట్స్ రాస్తూ, అమలు చెయ్యమనడం కోర్టు విచక్షణ అని 20వ సెక్షన్ చూపించి రాశాను. 2018 అక్టోబర్ 1 నుంచి ఆ సెక్షన్ మొత్తం మారిపోయింది, విచక్షణ మాట తీసేసి సబ్‌స్టిట్యూటెడ్ పర్ఫార్మెన్స్ (ఒప్పందం తప్పితే పని వేరేవాళ్లతో చేయించుకుని ఖర్చు రాబట్టుకోవడం) అనే కొత్త విషయం పెట్టారు. ఆ తప్పు ఫైల్ కాకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. బేర్ యాక్టు కొనేముందు ముందుమాట దగ్గర ఏ తేదీ దాకా సవరణలు కలిపారో చూడండి, చట్టాలన్నీ ఉండే ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో పాఠంతో ఒకసారి పోల్చుకోండి. వెబ్‌సైట్ ఉచితమే కదా పుస్తకం ఎందుకు అంటారేమో. కోర్టు హాల్లో జడ్జి గారు "ఏ సెక్షన్?" అన్నప్పుడు ఫోన్ తీసి వెతకడం కంటే పేజీ తెరిచి చదవడం ఎంతో మేలు.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినప్పుడు నిజంగా టెన్షన్ పడ్డాను. ఎనిమిదేళ్లు నోటికి అలవాటైన నంబర్లన్నీ పోయాయి. హత్యకి శిక్ష 302 వెళ్లి 103 అయింది, మోసం 420 వెళ్లి 318లో నాలుగో సబ్ సెక్షన్ అయింది. వీటికంటే ప్రమాదకరమైనది 482. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో అది హైకోర్టు సహజాధికారాలు, అంటే కేసు కొట్టెయ్యమని క్వాష్ పిటిషన్ వేసేది. దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో అదే 482 ముందస్తు బెయిల్, క్వాష్ 528కి వెళ్లింది. అదే అంకె, పూర్తిగా వేరే పని. జూనియర్లు ఇక్కడ తడబడటం నేను చాలాసార్లు చూశాను, నంబరు పక్కన చట్టం పేరు రాయకుండా పిటిషన్ టైప్ చెయ్యనివ్వకండి. పాత పుస్తకాలు పారెయ్యకండి కూడా. నేరం జరిగిన తేదీ 2024 జూలై 1కి ముందైతే శిక్షా సెక్షన్లు ఐపీసీవే, అలాంటి కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. నేను రెండు సెట్లూ బ్యాగులో మోస్తున్నాను, బరువే, కానీ తప్పదు.

లా పూర్తయ్యాక ప్రాక్టీసు అర్హత కోసం ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ రాయబోయేవాళ్లకి ఒక హెచ్చరిక. 100 ప్రశ్నల ఆ పరీక్షకి నోట్స్ లేని బేర్ యాక్టులు తీసుకెళ్లనిస్తారు. నేను మార్జిన్ల నిండా రాసుకున్న పుస్తకాలు పనికిరావని ముందు రోజు రాత్రి గుర్తొచ్చి స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మొదటి సంవత్సరం నుంచే ముఖ్యమైనవి రెండేసి కాపీలు ఉంచుకోండి, ఒకటి రాసుకోవడానికి, ఒకటి గీత పడకుండా. రెండోది సీనియర్ల దగ్గర, లైబ్రరీలో దొరికినా చాలు.

కాలేజీలో చేరగానే కొనాల్సినవి అడిగితే నేను రాజ్యాంగం, కాంట్రాక్ట్ చట్టం, బీఎన్‌ఎస్ చెబుతాను. కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిదే అయినా చదవడం మొదలుపెట్టడానికి దానంత మంచిది లేదు, చిన్న వాక్యాలు, బోలెడు ఇలస్ట్రేషన్లు. మైనర్‌తో ఒప్పందం గురించి 11వ సెక్షన్ చదివి, వెంటనే 1903 నాటి మొహరీ బీబీ తీర్పు చదవండి, సెక్షన్‌లో సూటిగా లేని మాటని కోర్టు ఎలా తేల్చిందో కళ్లకు కడుతుంది. సీపీసీ, బీఎన్‌ఎస్‌ఎస్, భారతీయ సాక్ష్య అధినియం, గడువుల గురించి చెప్పే లిమిటేషన్ చట్టం రెండో ఏడాదికి చాలు, కానీ ఆఫీసులో చేరే రోజుకి లిమిటేషన్ షెడ్యూల్ వేళ్ల మీద ఉండాలి. దావా ఎలా రాయాలి, ఆఫీసు అభ్యంతరాలతో రిటర్న్ చేస్తే ఎలా రీసబ్‌మిట్ చెయ్యాలి, బెంచ్ క్లర్కుతో ఎలా మాట్లాడాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ ఆపాలి, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. వాటికి సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ కొంత, సీనియర్ గారి వెనక కూర్చుని చూసింది మిగతాది.

నా సీపీసీ ఆర్డర్ 39 దగ్గర రెండుగా విడిపోయింది, ఇంజంక్షన్ల కోసం అంతగా తెరిచాను. కొత్తది కొన్నాను, అయినా మార్జిన్‌లో రాసుకున్నవన్నీ అందులోకి ఎక్కించడం ఇంకా పూర్తికాలేదు, రోజుకి ఒక ఆర్డర్ చొప్పున రాస్తూ ప్రస్తుతం 21లో ఉన్నాను.